ఎర్ర అద్దంలోంచి చూస్తే

పిల్లలూ! వేసవిలో తురాయిచెట్టు నిండా పూసి ఉన్నప్పుడు మీరెన్నడైనా దాన్ని నలుపు-తెలుపు ఫోటో తీశారా? తీసి ఉంటే ఆశ్చర్యపోయే ఉంటారు. ఎండలో నిప్పులు కురిసినట్టుండే పూలు ఫోటోలో కనిపించనే కనిపించవు! చెట్టంతా ఒకటే బూడిదరంగు. పూవేదో, ఆకేదో పోల్చుకోలేము.

ఇలా ఎందుకు జరుగుతుందో చూద్దాం. డిజిటల్ కెమేరా తాను చూసే ప్రతి చుక్కకూ మూడు కొలతలు రాసుకుంటుంది: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. సాధారణంగా ఈ కొలత 0 నుంచి 255 దాకా ఉంటుంది. మూడూ 0 అయితే కటిక నలుపు, మూడూ 255 అయితే తెల్లని తెలుపు. ఒక తురాయి పూరేకుకు ఎరుపు 220, ఆకుపచ్చ 50, నీలం 30 అనుకుందాం. దాని పక్కనున్న ఆకుకు ఎరుపు 80, ఆకుపచ్చ 120, నీలం 50 అనుకుందాం. రంగుల్లో చూస్తే ఈ రెంటికీ పోలికే లేదు గదా! కాని నలుపు-తెలుపు చేసేటప్పుడు ఈ మూడింటినీ కలిపి ఒకే అంకెగా మార్చాలి. ఇందుకు చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క ఒకటున్నది. రూపాయిలో ఎరుపుకు 30 పైసలు, ఆకుపచ్చకు 59 పైసలు, నీలానికి 11 పైసలు వాటా ఇస్తారు. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ కాంతిగా కనిపిస్తుంది కాబట్టి దానికి పెద్ద వాటా. ఇప్పుడు మీరే కాగితం తీసుకుని లెక్క కట్టండి. పువ్వు 99కి వస్తుంది, ఆకు 100కి వస్తుంది. ఇంకేముంది, రెండూ ఒకటైపోయినవి!

వాటిని మళ్ళీ విడదీసే ఉపాయమే రంగు ఫిల్టరు. ఎర్ర అద్దం ఎర్రని కాంతిని మాత్రమే లోపలికి రానిచ్చి, తక్కిన రెంటినీ ఆపేస్తుంది. అప్పుడు మిగిలేది ఎరుపు అంకె ఒక్కటే. పువ్వు 220, ఆకు 80. నల్లని ఆకుల మీద తెల్లని పూలు! అదే ఆకుపచ్చ అద్దమైతే అంతా తలకిందులు: ఆకు 120, పువ్వు 50. ఫిల్టరు తన రంగును తెల్లబరుస్తుంది, పరాయి రంగును నల్లబరుస్తుంది. ఫిల్ము కెమేరాల కాలంలో ఫోటోగ్రాఫర్లు పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ అద్దాలను సంచీలో వేసుకు తిరిగేవారు.

దీన్ని బాగా చూడాలంటే హైదరాబాదులో దుర్గం చెరువు గట్టుకు వెళ్ళండి. ఒకవంక 2020లో తెరిచిన తీగల వంతెన. దాని వెనక హైటెక్ సిటీ అద్దాల మేడలు. పక్కనే గులాబి చాయగల నల్లరాతి గుట్టలు. నల్లరాయి అని పేరేగాని ఇక్కడి రాయి అంత నలుపేమీ కాదు. ఈ రాళ్ళ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు! మేడల వయస్సో? అక్కడి సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998లో. ఆ చుట్టుపక్కల రోడ్లకూ, కట్టడాలకూ ఎన్నో గుట్టలను పగలగొట్టేశారు. ఈ రాళ్ళను కాపాడాలని 1996లో కొందరు కలిసి ఒక సంఘమే పెట్టుకున్నారు. ఉన్న గుట్టలనైనా ఫోటో తీసి ఉంచుకోవటం మంచి పని. తీస్తే రాయి రాయిలా కనిపించాలి గదా!

వాన వెలిసిన పూట నీలాకాశానికి ఎరుపు 90, ఆకుపచ్చ 150, నీలం 220 అనుకోండి. తెల్లమబ్బుకు మూడూ 240. మామూలు లెక్కలో ఆకాశం 140. ఎర్ర ఫిల్టరుతో 90కి దిగిపోయి మబ్బు ధగధగ మెరుస్తుంది. గులాబి రాయి తెల్లబడి, వెనకనున్న చెట్ల నుంచి విడిపోతుంది. నీలం ఫిల్టరు వేస్తేనో, ఆకాశం 220, మబ్బు 240; మబ్బు మాయం! అయితే ఒక చిక్కున్నది. అద్దాల మేడలు ఆకాశాన్నే ప్రతిబింబిస్తవి కాబట్టి ఆకాశంతోపాటు అవీ నల్లబడతవి. పైగా, దుమ్ముతో తెల్లగా పాలిపోయిన ఆకాశంలో నీలమే ఉండదు. దాన్ని ఏ ఎర్ర అద్దమూ నల్లబరచలేదు.

మరి మన సెల్‌ఫోనుకు కూడా ఎర్ర అద్దం తగిలించాలా? అక్కర లేదు. అందులో అప్పుడే ఫిల్టర్లున్నవి! కోడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ అనే ఆయనకు 1976లో పేటెంటు వచ్చిన ఏర్పాటు అది. సెన్సారు మీద ప్రతి నాలుగు గళ్ళలో రెంటికి ఆకుపచ్చ, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం రంగు పొర ఉంటుంది. మీరు పైన ఎర్ర అద్దం పెడితే నాలుగింట మూడు గళ్ళు చీకట్లో పడతవి. అంతకన్న, ఫోటోను రంగుల్లోనే తీసి దాచుకుని, దాని నకలును నలుపు-తెలుపు చేసుకోవటం తెలివైన పని. ఫోటోలు దిద్దే చాలా యాప్‌లలో ఒక్కొక్క రంగును వేరుగా పెంచి తగ్గించే వీలున్నది. మరీ లాగితే మాత్రం ఆకాశంలో ఇసుక చల్లినట్టు రవ్వలు తేలుతవి. మొదటే నలుపు-తెలుపుగా తీసి రంగులు పారేస్తే, తరవాత ఏ ఫిల్టరూ ఆ పూలను వెనక్కు తేలేదు. 2012లో లైకా కంపెనీ అసలు రంగు పొరలే లేని కెమేరా ఒకటి తెచ్చింది. అటువంటి దానికి మాత్రం పాతకాలపు అద్దమే గతి.

ఇక పాత ఫోటోల సంగతి. ఆరవ నిజాము కొలువులో ఫోటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ (1844-1905) పేరు మీరు వినే ఉంటారు. ఆయన కాలంలో ఎక్కువగా వాడిన గాజు పలకలు నీలానికి బాగా స్పందించేవి. ఎరుపు వాటికి చీకటితో సమానం. అంటే ఎల్లప్పుడూ నీలం ఫిల్టరు పెట్టుకున్నట్టే! ఆనాటి ఫోటోలు చాలావాటిలో ఆకాశం వట్టి తెల్లకాగితంలా ఉండటానికి ఇదే కారణం. రంగులద్ది పలకల చూపును పెంచవచ్చునని 1873లో జర్మనీలో ఫోగెల్ అనే శాస్త్రజ్ఞుడు కనుక్కున్నాడు. కాని ఎరుపుతో సహా అన్ని రంగులకూ స్పందించే పలకలు ఇంగ్లండులో అమ్మకానికి వచ్చేసరికి 1906 అయింది. దీన్‌దయాళ్ అంతకు ముందు ఏడే కన్నుమూశాడు.

ఆకాశం తెల్లబడితే పోనీ అనుకోవచ్చు. మనుషుల మాటేమిటి? మన చర్మపు రంగులో ఎరుపు పాలు ఎక్కువ, నీలం పాలు తక్కువ. కాబట్టి ఆ పలకల మీద ముఖాలు ఉన్నదానికన్న నల్లగా పడేవి. ఎర్రచీర నల్లచీర అయేది. నుదుటి కుంకుమ నల్లబొట్టయేది. ఈనాటి ఫోనులో ఎరుపును పెంచితే అదే ముఖం క్షణంలో తెల్లబడుతుంది, మనిషి మారకుండానే!

మీ ఇంట్లో అంత పాత ఫోటో ఉంటే ఒకసారి దించి చూడండి. ఎవరన్నా, "ముత్తవ్వ ఇంత నలుపా?" అంటే, నలుపైతేనేమని ముందు అడగండి. ఆ తరవాత ఆ గాజు పలకకు ఎరుపు కనిపించేది కాదని చెప్పండి.