వెలుతురు ఏరే పెయ్య

చిత్తూరు పల్లెల్లో చూడి ఆవుకు నొప్పులు మొదలైతే ఇంటిల్లిపాదీ కొట్టం దగ్గరే కాపు కాస్తారు. ముందుకాళ్ల గిట్టలు, వాటి మీద ఆనించిన ముట్టె బయటికొస్తాయి. దూడ నేల మీద పడగానే అందరి నోటా ఒకటే ప్రశ్న: పెయ్యా, కోడెనా? పాల మీద బతికే ఇంట్లో పెయ్య పుడితే రేపటికి పాడి పుట్టినట్టే. మడకలు మూలన పడ్డాక సంకరజాతి కోడెదూడకు చేసే పనే లేకుండా పోయింది.

ఆ ప్రశ్నకు జవాబు ఆవు చేతిలో లేదు. సూదితో వేసే వీర్యకణాల్లో ఎక్స్ క్రోమోజోమ్ మోసేది పెయ్యనిస్తుంది, వై మోసేది కోడెనిస్తుంది. ఎక్స్ పెద్దది కాబట్టి ఆ కణంలో డీఎన్ఏ సుమారు 3.8 శాతం ఎక్కువ. ఈదే తీరు చూసి రెంటినీ వేరు చేయడం మన కంటికి సాధ్యం కాదు. ఆ పిసరంత తేడాను పట్టేది వెలుతురు.

ఈ పని చేసే యంత్రం ఫ్లో సైటోమీటర్. డీఎన్ఏకు అంటుకునే రంగు పట్టించిన కణాలు సన్నని ధారలో ఒకదాని వెనుక ఒకటి లేజర్ ముందు నుంచి సాగుతాయి. కిరణం తగిలిన ప్రతి కణమూ నీలంగా మెరుస్తుంది. పెయ్యనిచ్చేది మరికాస్త ఎక్కువగా. కానీ ఎద్దు వీర్యకణం తల తెడ్డులా చదునుగా ఉంటుంది. అంచు మెరుపు వేరు, ముఖం మెరుపు వేరు. అందుకే సరిగ్గా తిరిగి నిలిచిన కణాన్నే యంత్రం లెక్కలోకి తీసుకుంటుంది. చచ్చిన కణంలోకి తినుబండారాల్లో కలిపే ఎర్రరంగు చొరబడి దాని మెరుపును అణచేస్తుంది. బతికున్న కణం ఆ రంగును గడప దాటనివ్వదు! ఆ తర్వాత ధార బిందువులుగా తెగుతుంది. పెయ్య కణమున్న బిందువుకు ఒక విద్యుదావేశం, కోడె కణమున్నదానికి దాని విరుద్ధం. విద్యుత్ పలకల నడుమ దారులు చీలిపోతాయి.

అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో లారెన్స్ జాన్సన్ బృందం ఇలా వేరు చేసిన కణాలతో పుట్టిన కుందేలు పిల్లల సంగతి 1989లో ప్రకటించింది. వీర్యకణాలను ఇలా వేరు చేసేందుకు మన దేశంలోనే రూపొందిన పరిజ్ఞానం 2024 అక్టోబర్ 5న మహారాష్ట్రలోని వాషింలో ఆవిష్కృతమైంది.

వేరు చేసిన వీర్యంతో పుట్టే ప్రతి 100 దూడల్లో 90 దాకా పెయ్యలే. కాకపోతే మామూలు సూదిలో సుమారు 2 కోట్ల కణాలుంటే ఇందులో దాదాపు 20 లక్షలే. లేజర్‌నూ ఒత్తిడినీ తట్టుకుని వచ్చినవి కాబట్టి కాస్త నీరసించి కూడా ఉంటాయి. ఎదకొచ్చిన వేళ తప్పితే చూలు నిలవదు.

నాకు కోడెల మీదా మమకారమే. పశువుల పండుగకు చంద్రగిరి దగ్గరి రంగంపేటలో కొమ్ములకు పలకలు కట్టుకుని ఉరికేవి కోడెలే కదా. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో పెంచుతున్న పుంగనూరు జాతికైతే పెయ్యలెంత అవసరమో, వేర్వేరు వంశాల కోడెలూ అంతే అవసరం. మూడడుగుల ఎత్తున్న ఆ పొట్టి ఆవుల మందలు చిన్నవి. కోడెలు తగ్గితే దగ్గరి రక్తాలే కలిసి జాతి నీరసిస్తుంది. పాడి ఆవుకు పెయ్య సూది, పుంగనూరుకు మామూలు సూది, రెండూ మా పశువుల ఆసుపత్రి నైట్రోజన్ క్యాన్‌లో పక్కపక్కనే ఉండాలని నా కోరిక.