లినక్సులో ప్రోగ్రాములను తొలగించుట, నవీకరించుట

కంప్యూటరులో ప్రోగ్రామును స్థాపించుట యనగా ఒక్క ఫైలును తెచ్చిపెట్టుట కాదు. దాని భాగములు పలుచోట్ల సర్దబడును. పెక్కు ప్రోగ్రాములకు ఉమ్మడిగా పనికివచ్చు లైబ్రరీలపై అది ఆధారపడును. 1993లో ప్రారంభమైన డెబియన్ లినక్సులోను, దానినుండి పుట్టిన ఉబుంటులోను ఈ లెక్కను డీపీకేజీ అను సాధనము వ్రాసి యుంచును. మన ఆజ్ఞలను అందుకొనునది ఆప్ట్. ఫైలును చేతితో చెరిపివేసినచో, ప్రోగ్రాము పాడైనను లెక్కలో ఉన్నట్లే యుండును. కావున తొలగింపు ఆప్ట్ ద్వారానే జరుగవలెను.

టెర్మినల్‌లో "సుడో ఆప్ట్ రిమూవ్" అని, ప్రక్కన ప్యాకేజీ పేరు టైపుచేసినచో ప్రోగ్రాము పోవును గాని, వ్యవస్థలోని దాని అమరిక ఫైళ్లు మిగులును. "రిమూవ్"కు బదులు "పర్జ్" అన్నచో అవియు పోవును. దాని కొరకై వచ్చి ఇప్పుడు అక్కరలేని లైబ్రరీలను "ఆటోరిమూవ్" ఊడ్చివేయును. ఒక లైబ్రరీని తొలగించినచో దానిపై ఆధారపడినవన్నియు వెంటపోవును. సమ్మతి తెలుపుటకు ముందు ఆప్ట్ చూపు జాబితాను తప్పక చదువవలెను.

"అప్‌డేట్" ఏ ప్రోగ్రామును మార్చదు. క్రొత్త కూర్పుల పట్టికను మాత్రమే తెచ్చును. ఆ కూర్పులను దింపి అమర్చునది "అప్‌గ్రేడ్".

దీని అవసరమునకు ఒక నిదర్శనము: 2014 ఏప్రిలులో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అను లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అను లోపము బయటపడెను. దానివలన సర్వరు జ్ఞాపకములోని రహస్యములను పరులు చదువుటకు వీలుండెను. ఆ ఒక్క లైబ్రరీని నవీకరించి, దానిని వాడు ప్రోగ్రాములను మరల ప్రారంభించినంతనే వాటన్నింటిలోను ఆ రంధ్రము మూసుకొనెను. ఉమ్మడి లైబ్రరీవలన లాభమిది. దానిని తొలగించునప్పుడు జాగ్రత్త వలయుటకు కారణమును ఆ ఉమ్మడితనమే.