పాత అలమరకు కొత్త రంగు

టూంగాబీలో పాత ఇళ్ళు చాలా ఉన్నాయి. మీదీ అలాంటి ఇల్లే అయితే స్నానాల గదిలోకి వెళ్ళి చూడండి. సింకు కింద తేనెరంగు చెక్క అలమర ఉందా? దాని వానిష్ పసుపెక్కి, పిడుల దగ్గర నల్లబడిందా? "తీసి పారేద్దాం" అని పిల్లలు అంటారు. ఆగండి. చెక్క గట్టిగా ఉంటే రెండు వారాంతాల్లో మీరే దానికి కొత్త రంగు వేయవచ్చు.

ముందు తలుపు అంచు చూడండి. చెక్క గీతలు అంచు మీదికి కూడా వస్తే అది అసలు చెక్క. పైన ప్లాస్టిక్ పొర ఉంటే స్టెయిన్ ఇంకదు, పెయింట్ వేయాలి. పలుచని చెక్క పొర అతికించినదైతే స్టెయిన్ పడుతుంది. కానీ ఆ పొర చాలా పలుచన. మిషను వద్దు, చేత్తో తేలిగ్గా రుద్దండి.

ఇప్పుడు ఒక హెచ్చరిక. 1990కి ముందు కట్టిన ఇంట్లో గోడ పలకల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆస్ట్రేలియా దాన్ని పూర్తిగా నిషేధించింది 2003 డిసెంబరు 31న. కాబట్టి అలమరను గోడ నుంచి ఊడదీయకండి, గోడను రుద్దకండి. తలుపులు, సొరుగులు మాత్రం విప్పి బయటికి తీసుకెళ్ళండి. 1970కి ముందు వేసిన పెయింట్ ఉంటే అందులో సీసం ఉండవచ్చు. పరీక్ష చేయించాకే ముట్టుకోండి.

పని ఇలా చేయండి. ప్రతి తలుపు వెనక నంబరు అంటించండి. సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరనివ్వండి. ముక్కుకు మాస్కు కట్టుకుని, 120 నంబరు ఉప్పు కాగితంతో, తర్వాత 180తో, చెక్క నార వెంటే రుద్దండి. అడ్డంగా రుద్దితే ఆ గీతలు స్టెయిన్‌లో బయటపడతాయి. పొడి తుడవండి. తలుపు లోపలి వైపు కొంచెం స్టెయిన్ వేసి రంగు చూసుకోండి. నచ్చితే గుడ్డతో అంతా పూసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, మిగిలినది తుడిచేయండి. మర్నాడు నీటిని ఆపే వానిష్ వేయండి. మూడు పూతలు కావాలి. కింది అంచులు మరచిపోకండి, నీళ్ళు చేరేది అక్కడే.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డలను బకెట్లో కుప్పగా పడేశాను. సాయంత్రం చెయ్యి పెడితే వేడిగా ఉన్నాయి! ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. కుప్పలో ఆ వేడి బయటికి పోదు, గుడ్డలు తమంతట తామే అంటుకోవచ్చు. ఒక్కొక్క గుడ్డనూ బయట విడిగా పరచండి. గట్టిపడేదాకా ఆరాకే పారేయండి.

1903 నుంచి మన పెద్దలు మద్రాసు ఓడల్లో ఫిజీకి వచ్చారు. గుడి బడిలో మేము అక్షరాలు, దేవుడి పాటలు నేర్చుకున్నాం. పనిముట్ల పేర్లు మాత్రం హిందీలోనే విన్నాం. అందుకే ఈసారి తలుపు రుద్దేటప్పుడు పక్కన ఒక పిల్లనో పిల్లాడినో కూర్చోబెట్టుకోండి. ఈ మాటలు చెప్పించండి.

ఉప్పు కాగితం: రుద్దే గరుకు కాగితం, శాండ్‌పేపర్
చెక్క నార: చెక్కలో కనిపించే గీతలు
సొరుగు: బయటికి లాగే పెట్టె
పిడి: చేత్తో పట్టుకునేది
పూత: ఒకసారి పూసిన రంగు లేదా వానిష్