తొంభై ఒక్క దీపాలు

మా మన్యంలో ఎవరికైనా జ్వరం తగ్గకపోతే "చిల్లంగి పెట్టారు" అంటారు. నింద ఒంటరి ముసలోళ్ళ మీద పడుతుంది. మా ఊళ్ళో ఒక మామ్మ అలాగే ఊరొదిలి పోయింది. ఆ జ్వరం మలేరియా అని తర్వాత రక్తపరీక్షలో తేలింది.

నార్వే దేశంలో వార్డో అనే ఊరుంది. 17వ శతాబ్దంలో ఆ ప్రాంతంలో మంత్రగత్తెలు, మంత్రగాళ్ళు అని 91 మందిని చంపేశారు. వాళ్ళలో సామీ అనే ఆదివాసులూ ఉన్నారు. 2011లో వాళ్ళ జ్ఞాపకంగా అక్కడ ఒక భవనం కట్టారు. అందులో ఒక్కొక్కరికి ఒక కిటికీ, ఒక దీపం. పక్కనే వాళ్ళ కథ.

రాత్రిళ్ళు హాస్టల్లో మనం చెప్పుకునే కథల్లో చిల్లంగిదానికి ఎర్రకళ్ళు, విరబోసిన జుట్టు. మా మామ్మ మాకు చింతపిక్కలు వేయించి పెట్టేది. ఈ పక్కన వేసిన బొమ్మ ఆమెదే. మీకు తెలిసినవాళ్ళుంటే, పేరు రాయకపోయినా సరే, వాళ్ళ కథ రాసివ్వండి.