తొమ్మిది నెలలకు ఆరు జతలు

ఇంట్లో కోడలు నెల తప్పిందనగానే ఏం తినాలి, ఏం తినకూడదు అన్న మాటలు మొదలవుతాయి. ఏం తొడుక్కోవాలన్న మాట మాత్రం ఐదో నెల వచ్చి, ఉన్న కమీజులు పొట్ట దగ్గర పట్టేసిన రోజు దాకా ఎవరికీ గుర్తురాదు. అప్పుడైనా "నాలుగు నెలల ముచ్చటకు కొత్త బట్టలెందుకమ్మా" అనే పెద్దలే ఎక్కువ. ఆ అమ్మాయి పాత నైటీ మీద దుపట్టా కప్పుకుని ఇంట్లోనే ఉండిపోతుంది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ పోకపోతే వచ్చే నష్టం లేదు. కానీ ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు కూడా "వేసుకోవడానికి సరైనవి లేవు, వచ్చే వారం చూద్దాం" అనుకుంటే, ఆ నష్టం తల్లికీ బిడ్డకూ కూడా. అందుకే ఈ వారం బట్టల సంగతి రాస్తున్నాము.

భైంసా పత్తి ఊరు. సీజన్ వచ్చిందంటే మార్కెట్ యార్డు దారులన్నీ పత్తి బండ్లే. మిల్లుల్లో గింజ తీసి, బేళ్లు కట్టి ఎక్కడెక్కడికో పంపుతారు. ఇంత పత్తి దాటించే ఊళ్లో మన ఆడవాళ్ల ఒంటి మీద ఎక్కువగా కనిపించేది పాలిస్టరే! ఇస్త్రీ అక్కర్లేదు, త్వరగా ఆరుతుంది, రంగు పోదు. మామూలు రోజుల్లో మేమూ కాదనము. గర్భిణి సంగతి వేరు. ఒంట్లో రక్తం పెరుగుతుంది, వేడి ఎక్కువగా అనిపిస్తుంది, చెమట పడుతుంది. మన వైపు మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటడం కొత్త కాదు. విపరీతమైన వేడికి నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుందని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి ఒంటికి తగిలే బట్ట కాటన్ కావాలి. మల్‌మల్, కేంబ్రిక్ ఏదైనా మంచిదే. కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయండి. లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుపోతుంది.

రెడీమేడ్ దుకాణంలో చాలామంది చేసే పని, రెండు సైజులు పెద్ద కుర్తా కొనడం. ఇది డబ్బు దండగ. గర్భిణి బరువు సగటున 10 నుంచి 12 కిలోలు పెరిగినా భుజాల కొలత పెద్దగా మారదు. పెరిగేది ఛాతీ, పొట్ట. పెద్ద సైజు కుర్తాలో భుజాలు జారి, చేతులు వేలాడి, మనిషి బస్తాలో దూరినట్టుంటుంది. భుజాలు పాత కొలతకే ఉంచి, ఛాతీ కింద నుంచి రెండు పక్కలా కలీలు వేసి కుట్టిస్తే అదే మనిషి చక్కగా కనిపిస్తుంది. ఇంకో కిటుకు ఉంది. పొట్ట పెరిగిన కొద్దీ ముందు అంచు పైకి లేస్తుంది. కాబట్టి వెనక కన్నా ముందు భాగం రెండు అంగుళాలు పొడవు పెట్టించాలి. పక్క కుట్టుల్లో గుడ్డ వదలమని చెప్పాలి. ఇవన్నీ చూసుకుంటే మామూలు కుర్తాకు పట్టే రెండున్నర మీటర్ల బదులు మూడు మీటర్లు పడుతుంది. ఆ అర మీటరు దగ్గర పొదుపు చేయకండి.

దర్జీకి ఆది కుర్తా ఇచ్చి పంపడం మన ఇళ్లలో అలవాటు. ఇక్కడ అది పనికిరాదు, ఆది పాత ఒంటిది కదా. కొలతలు తీసే ఆడ దర్జీ దగ్గరికి ఒకసారి స్వయంగా వెళ్లడమే మేలు.

అందం మాటకొస్తే, చూపు మెడ దగ్గరికి పోవాలి. యోక్‌కు వేరే రంగు గుడ్డ, మెడ చుట్టూ సన్నని పైపింగ్, చేతి అంచుకు చిన్న లేసు చాలు. చిన్న పూల ప్రింట్లు, నిలువు గీతలు ఒంటికి నప్పుతాయి. పాత దుపట్టాలతోనే జత కుదిరే రంగులు ఎంచుకుంటే దుపట్టాల ఖర్చు తప్పుతుంది.

సల్వార్లు కొత్తవి అక్కర్లేదు. ఉన్నవాటికే నాడా వదులు చేసి పొట్ట కింద కట్టుకోవచ్చు, లేదా వెడల్పు ఎలాస్టిక్ వేయించవచ్చు. పొట్ట మీద బిగించి కట్టడం ఎప్పుడూ మంచిది కాదు. చీర కట్టే వాళ్లకు కుట్టు బాధ సగం లేదు, కుచ్చిళ్లు ఒంటితో పాటు సర్దుకుంటాయి. అయితే లంగా బొందు విషయం జాగ్రత్త. ఏళ్ల తరబడి నడుముకు బిగించి కట్టిన చోట పుండు పడి, అది చర్మ క్యాన్సర్‌గా మారిన ఇద్దరు స్త్రీల సంగతి 2024లో వార్ధా, బీహార్ డాక్టర్లు ఒక వైద్య పత్రికలో రాశారు. తొమ్మిది నెలల్లో అంత కాకపోయినా ఒరుపు, దురద తప్పవు. బొందు తీసి వెడల్పు పట్టీ కుట్టించండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆసుపత్రికి వేసుకెళ్లే జత ఒకటి విడిగా ఉండాలి. కాన్పుకు ముందు కనీసం నాలుగు పరీక్షలు జరగాలని మన ప్రభుత్వ వైద్యులు చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఎనిమిది సార్లు చూపించుకోవాలంది. అదే ఏడాది మొదలైన కేంద్ర పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు పెట్టారు. అక్కడ డాక్టరమ్మ పొట్ట చూడాలి, చేతికి పట్టా చుట్టి బీపీ చూడాలి. కాళ్ల దాకా ఒకే ముక్కగా ఉండే అనార్కలీ, మ్యాక్సీ వేసుకెళితే మొత్తం పైకెత్తాల్సి వస్తుంది. సిగ్గుపడే మన ఆడపిల్లలకు ఆ ఒక్క అనుభవం చాలు, రెండోసారి వెళ్లమంటే వెళ్లరు. కుర్తా, సల్వారు విడివిడిగా ఉంటే పొట్ట మేరకే తీయొచ్చు, కాళ్లు కప్పే ఉంటాయి. చేతులు మోచేతి పైదాకా సులువుగా మడిచేంత వదులుండాలి. బురఖా తల మీదుగా తొడిగేది కాకుండా ముందు వైపు బటన్లతో పూర్తిగా తెరుచుకునేదైతే పరీక్ష గదిలో తీయడం, వేయడం తేలిక. బురఖా నల్లగానే ఉండాలన్న నియమమేమీ లేదు. ఎండాకాలం గర్భిణికి బూడిద రంగో, లేత గోధుమ రంగో పల్చని గుడ్డలో కుట్టిస్తే పర్దాకు లోటు లేదు, ప్రాణానికి హాయి. అంచు నేలను ఊడ్చకుండా చూడాలి. ఆటో ఎక్కేటప్పుడు కాలికి చుట్టుకుంటే ప్రమాదం.

ఇక డబ్బు ఎక్కువగా పోయేది సత్వాసాలో. ఇది దీన్ చెప్పిన పని కాదు, దక్కన్ ఇళ్లలో పాతుకుపోయిన ఆచారం. ఏలూరులో పుట్టిన జాఫర్ షరీఫ్ దక్కన్ ముస్లింల ఆచారాలను రాస్తే, హెర్క్‌లాట్స్ అనే డాక్టరు ఇంగ్లీషు చేసి 1832లో 'ఖానూన్-ఎ-ఇస్లాం'గా అచ్చు వేయించాడు. ఏడో నెల సత్వాసా అందులో మొదటి విషయాల్లోనే ఉంది. చేసుకునే వాళ్లను మేము ఆపబోము. కానీ జరీ బరువుతో మెరిసే ఆ జత ఒక్క పూట కట్టి పెట్టెలో పెట్టేస్తారే, అదే బాధ. ఆ గుడ్డకే లోపల కాటన్ అస్తరు, యోక్ కింద కుట్టులో కనిపించని జిప్ వేయిస్తే ఏడో రోజు అఖీఖాకు, నలభయ్యో రోజు చిల్లాకు, ఆ పైన వచ్చే ఈద్‌కు కూడా పనికొస్తుంది. బిడ్డకు పాలివ్వడానికి జిప్ ఉంది కదా. రెండేళ్లు పాలిచ్చే తల్లికి కుట్టించే కుర్తాలన్నింటికీ ముందు జిప్పో, టిచ్ బటన్లో ఉండి తీరాలి. నాలుగు నెలల ముచ్చట అన్న మాట అక్కడే తేలిపోతుంది.

గర్భిణి బట్టలంటే సిగ్గు మన ఒక్కరిదే కాదు. న్యూయార్క్‌లో లీనా బ్రయంట్ అనే కుట్టుపని చేసుకునే వితంతువు 1900ల మొదట్లో నడుముకు ఎలాస్టిక్ వేసి గర్భిణులకు గౌను కుట్టింది. అమ్ముడుపోయింది, కానీ దాని ప్రకటన వేయడానికి పత్రికలు ఒప్పుకోలేదు. 1911లో గానీ ఒక పత్రిక ముందుకు రాలేదు. బ్యాంకు కాగితాల్లో పేరు తప్పు పడితే ఆ తప్పు పేరుతోనే 'లేన్ బ్రయంట్' దుకాణాలు పెద్దవయ్యాయి.

మొత్తానికి మూడు కుర్తాలు, ఆసుపత్రి జత ఒకటి, ముందు తెరుచుకునే నైటీ ఒకటి, వేడుక జత ఒకటి. ఆరు చాలు. మరీ ఇంట్లోకైతే భర్తగారి పాత జుమ్మా కుర్తాలు ఉండనే ఉన్నాయి. ఉతికి ఉతికి మెత్తబడిన కాటన్, పొడవు, వదులు. మన చేలల్లో పత్తి ఏరే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కోవడం చూడటం లేదూ? కాన్పు అయ్యాక ఈ ఆరు జతలను ఉతికి సంచిలో కట్టి పెడితే దేవరానీకో, నణంద్‌కో పనికొస్తాయి. పక్క కుట్టు విప్పి మళ్లీ వేస్తే చాలు.

ఒక్క లెక్క మాత్రం ముందే చూసుకోండి. మూడో నెలలోనే గుడ్డ తీసుకుని నాలుగో నెలలో దర్జీకి ఇవ్వాలి. ఆ నాలుగో నెల రంజాన్‌లో పడేట్టుంటే షాబాన్ మొదట్లోనే ఇచ్చేయండి. రంజాన్ సగానికి వచ్చిందంటే ఏ దర్జీ కొత్త గుడ్డ ముట్టుకోడు.