వేసవిలో ఇంటికి రంగు వేయునపుడు పాటింపవలసిన జాగ్రత్తలు

పుదుచ్చేరి పట్టణములోని నెల్లితోపు వంటి పేటలలో, బడులకు సెలవులిచ్చిన మే నెలలో ఇంటికి రంగు వేయించుకొనువారు కలరు. ఎండ మిక్కిలి తీవ్రముగా నుండునదియు ఆ నెలలోనే. కావున గోడ మేలుతో పాటు కుంచె పట్టిన మనిషి మేలును గూడ ఆలోచింపవలెను. నీడపట్టున, పలుచగా, తొందరలేక పూయుట ఈ రెంటికిని శ్రేయస్కరము.

వేడెక్కిన గోడపై తైలపు రంగు పైపొర త్వరగా ఆరును. అడుగు పచ్చిగానే యుండును. లోపలి ద్రావకము ఆవిరియై పొరను పైకెత్తుటచే బొబ్బలు లేచును. పచ్చి పూతపై మరియొక పూత వేసినచో ముడుతలు పడును. అరచేయి ఆన్చి నిలుపలేనంత వేడిగానున్న గోడకు రంగు వేయరాదు. పడమటి గోడకు ఉదయమునను, తూర్పు గోడకు సాయంకాలమునను పూయుట మంచిది. పూతకు పూతకు నడుమ డబ్బాపై ముద్రించిన గడువు పాటింపవలెను.

రంగు చిక్కబడినదని టర్పెంటైను అధికముగా కలుపరాదు. పూత బలహీనపడుటయే గాక, ఆవిరి హెచ్చుగా వెలువడును. ముఖమునకు కట్టిన గుడ్డ ఆ ఆవిరిని ఆపజాలదు. గదుల తలుపులు, కిటికీలు తెరచియుంచవలెను. తలనొప్పి, తలతిరుగుడు, వికారము ఆవిరి వలన కలుగవచ్చును. వడదెబ్బకు సూచనలును కావచ్చును. వెంటనే పని మాన్పించి, గాలి తగులు నీడకు చేర్చి, నీరు త్రాగింపవలెను. మాట తడబడినను, స్పృహ తప్పినను నోట నీరు పోయక, చల్లని నీటితో ఒడలు తడుపుచు 108కి ఫోను చేయవలెను.

పాత రంగును గీకుటలో మరియొక అపాయము గలదు. గృహములకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన మన దేశమున 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు పూతలలో సీసము అధికముగా ఉండవచ్చును. ఆ ధూళి చేతులకంటి నోటిలోనికి పోయినచో పసిపిల్లల మెదడు పెరుగుదలకు హాని కలుగును. కావున పాత పూతను పొడిగా గీకక, నీటితో తడిపి ఉప్పుకాగితముతో రుద్దవలెను. రాలిన ధూళిని చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను. పిల్లలను, గర్భిణులను దూరముగా నుంచవలెను. పనివారు చేతులు కడుగుకొనిన పిమ్మటనే భుజింపవలెను. ఇల్లు చేరకముందే బట్టలు మార్చుకొనవలెను.

పని రెండు దినములు ఆలస్యమైనను గృహస్థునకు వచ్చు నష్టము స్వల్పము. పనివాడు నీడన గడపిన సమయమునకు కూలి తగ్గింపకుండుట గృహస్థుని ధర్మము.