తెరమీది కోటయుద్ధము



ఒక పిల్లవాడు చేతిఫోనునకు కన్నులప్పగించి, “నేను ఆడునది వట్టి ఆట గాదు, దీనికి ప్రపంచపు పోటీ గలదు” అని తండ్రితో వాదించెననుకొనుడు. ఆ తగవు తీర్చవలసిన పెద్దరికము మీపై బడును. తెలియనిదానిని నిందించుటయు తగదు, మెచ్చుటయు తగదు. కావున ఆ పోటీ యెట్టిదో, దానివలన మేలెంత, కీడెంత యను విషయములను నేడు మనవి చేసెదను.

ఇట్టి పోటీలను ఈ-స్పోర్ట్సు అందురు. వానిలో మిక్కిలి పేరుగాంచినది ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ అను ఆటయొక్క ప్రపంచ చాంపియన్‌షిప్పు. ఇది 2011వ సంవత్సరమున స్వీడను దేశమున ఆరంభమైనది. నాటి బహుమానముల మొత్తము లక్ష డాలర్లు. నాటినుండి ఏటేట జరుగుచున్నది. 2024లో తుదిపోరు లండనులోను, 2025లో చైనాదేశపు చెంగ్డూ నగరమునందును జరిగెను.

ఆట తీరు చెప్పెదను. జట్టునకు అయిదుగురు. తెరమీద ఇరుపక్షములకును చెరియొక కోట గలదు. ఒక కోటనుండి రెండవదానికి మూడు బాటలు. బాటల నడుమ అడవి. బాటల వెంబడి కావలి బురుజులు. ఎదుటి బురుజులను గూల్చుకొనుచు పోయి, కోట నడుమనున్న మూలస్థానమును పగులగొట్టిన జట్టే గెలిచినది. ఎందరిని పడగొట్టితిమన్నది లెక్కకు రాదు. పడినవాడు కొంత తడవునకు మరల లేచి వచ్చును.

ఆటకు ముందే సగము యుద్ధము ముగియును. నూటయరువదికి మించిన వీరులలో ఒక్కొక్కడు ఒక్కొక్క వీరుని ఎన్నుకొనవలెను. ఎదుటివారికి దక్కరాదని కొందరు వీరులను ముందే తొలగింపనువచ్చును. పిమ్మట ముగ్గురు తలకొక బాటను కాతురు, నాలుగవవాడు అడవిని చుట్టివచ్చును, అయిదవవాడు తోడుపడును. ఈ తోడుపడువాడు తన పేరు పైకి రాకున్నను, చీకటి తావులలో దివిటీలవంటి గురుతులు నాటి, శత్రువుల జాడ తనవారికి తెలియజేయును. చదరంగపు ఎత్తు, చెడుగుడు ఆటలోని కూడుబాటు రెండును ఇందు గలవు. కాని ఎత్తు వేయుటకు చదరంగమందువలె తీరిక లేదు, క్షణములో తేల్చుకొనవలెను.

ఈ పోటీలో కొరియాదేశస్థుడైన లీ సాంగ్ హ్యోక్ అనునాతడు అగ్రగణ్యుడు. ‘ఫేకర్’ అన్నచో లోకమెల్ల ఎరుగును. ఇతని జట్టు టీ1 ఆరు పర్యాయములు గెలిచెను: 2013, 2015, 2016, 2023, 2024, 2025. 2016నకును 2023నకును నడుమ ఏడేండ్ల ఎడము గలదు. ఓటమి పిదప ఓటమి తిని, సాధన విడువక నిలిచెను. 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఈ ఆటకు పతకములుండెను. కొరియాకు స్వర్ణము లభించెను. మన భారతజట్టు క్వార్టర్ ఫైనలున వియత్నాము చేతిలో ఓడెను.

మన యెడనుగూడ ఇట్టిది జరుగకపోలేదు. 2019 మార్చి 10న హైదరాబాదు నగరముననే పబ్జీ మొబైలు అను ఆటకు అఖిలభారత తుదిపోరు జరిగెను. బహుమానములు కోటి రూపాయలు. ‘టీమ్ సోల్’ జట్టు 30 లక్షలు గెలుచుకొనెను. అయితే, 2020 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము ఆ ఆటను నిషేధించెను. 2021లో భారతీయులకు వేరుగా కూర్చిన రూపమున వచ్చి, 2022లో మరల నిలిచి, 2023లో తిరిగి వచ్చెను. ఇందు గమనింపవలసినది గలదు. చెడుగుడునకు యజమాని లేడు. ఈ ఆటలకు యజమాని యొక కంపెనీ. ఒక్క ఉత్తరువుతో బరియే మాయమగును. ఆటగాని నేర్పు నిరుపయోగమగును.

ఇక జూదపు మాట. మన పల్లెలలో బండలాగుడు పోటీకి దాత ఇచ్చునది బహుమానము. కోడిపందెమున ఒడ్డిన సొమ్ము జూదము. ఇచ్చటను అదే భేదము. పైన చెప్పిన పోటీలలో బహుమానము నిర్వాహకులిత్తురు. సొమ్ము ఒడ్డి ఫోనులో ఆడు ఆటలు వేరు. వానిని తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము ఈ-స్పోర్ట్సును క్రీడగా గుర్తించి, సొమ్మొడ్డు ఆటలను నడపువారికి మూడేండ్ల వరకు చెర, కోటి రూపాయల వరకు జుల్మానా విధించినది. కావున పిల్లవాడు ఆడుచున్నాడని వినిన వెంటనే కోపింపక, “ఇందు నీవు సొమ్ము కట్టుచున్నావా?” అని మొదట అడుగుడు. కట్టుచున్నచో అది ఇల్లు గుల్లచేయు మార్గము, అప్పుడే ఆపింపుడు.

కట్టకున్నను ఒకమాట చెప్పవలసియున్నది. నేను కాపురముండు కృష్ణానగరులో, సినిమా వేషములకై ఊళ్ళు విడిచి వచ్చినవారు పొద్దుపొడుపున కూడలిలో పిలుపునకై నిలుచుందురు. వారిలో ప్రతిభ లేనివారు తక్కువ. స్థానములే తక్కువ. తెరమీద నొక మొగము కనబడుటకు వెనుక ఎన్ని మొగములు వాడినవో ఆ వీధి చెప్పును. ప్రపంచపు పోటీయు అట్టిదే. తుదకు కప్పు ఎత్తువారు అయిదుగురే.

అందుచేత ఆటను ఆటగా ఆడనిండు. చదువు చెడకుండ, నిద్ర తరుగకుండ వేళ నిర్ణయింపుడు. నిజముగా నేర్పున్నదని తోచినచో, పదిమంది ఎదుట జరుగు పోటీలో జట్టుతో పాల్గొని నిలిచి చూపుమనుడు. గెలిచిన వచ్చు ఏడును అవకాశమిండు. ఓడిన చేతిలో చదువుండును. మందలించు పెద్దకంటె, ఆట తెలిసి మందలించు పెద్దమాట పిల్లలకు చెవికెక్కును.